ఉన్న జాగాలోనే స్నానపు గది
(ప్రసంగ పాఠం)



ఇల్లు కట్టేటప్పుడు దేవుని గదికి ఈశాన్యం చూస్తారు, వంటగదికి ఆగ్నేయం చూస్తారు, వీధి గుమ్మానికి ముహూర్తం చూస్తారు. స్నానపు గదికి మాత్రం మిగిలిపోయిన మూల చూస్తారు. ఇంట్లో పుట్టిన పసిబిడ్డ మొదలు కాటికి కాళ్ళు చాచిన ముదుసలి వరకు ప్రతివారూ ప్రతిదినమూ అడుగుపెట్టే గది అదొక్కటే. అయినా దానికి దక్కేది మిగులు జాగాయే. చంద్రపూర్‌లో, ముఖ్యంగా గోండు రాజుల కోటగోడ లోపలి పాత బస్తీలో, ఈ లోటు ఎక్కువగా కనిపిస్తుంది.

ఆ లోటుకు ఒక చరిత్ర ఉంది. జట్‌పురా, అంచలేశ్వర్, బింబా, పఠాన్‌పురా దర్వాజాల నడుమ ఒదిగిన పాత ఇళ్ళలో వీధి వైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. స్నానానికి వేరే గది అనే ఊహ ఆ ఇళ్ళకు తర్వాత వచ్చింది. వంటింటి మూలనో పెరటి అరుగు పక్కనో రెండు షాబాదు బండలు పరచి, చుట్టూ జానెడు కట్ట కట్టి, నీరు పోవడానికి ఒక తూము వదిలితే అదే స్నానాల చోటు. మరాఠీవారు దానిని మోరీ అన్నారు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల నుంచి బొగ్గు గనుల పనికీ బల్లార్‌పూర్ కాగితపు మిల్లు పనికీ వచ్చిన తెలుగు కుటుంబాలు జాలారు అన్నాయి. పేర్లు రెండైనా బండ ఒకటే.

మరుగుదొడ్డి కథ వేరు. పాత పట్టణాలలో అది ఇంటికి దూరంగా, వెనుక సందు వైపు ఉండేది. మలాన్ని మనుషుల చేత ఎత్తించిన కాలం అది. ఎత్తేవారు ఇంట్లోకి రాకుండా వెనుక నుంచే వచ్చి పోవాలని ఆ ఏర్పాటు చేశారు. ఆ అమానుషమైన పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టమూ, మరింత కట్టుదిట్టంగా 2013లో ఇంకొక చట్టమూ వచ్చాయి. ఈలోగా నీళ్ళు పోసి శుభ్రం చేసే దొడ్లు వచ్చాయి, సెప్టిక్ ట్యాంకులు వచ్చాయి. కారణం పోయింది కాని దొడ్డి ఉన్న చోటు మారలేదు. తరువాత స్నానపు గది కట్టవలసి వచ్చినప్పుడు, నీటి గొట్టం దగ్గరలో ఉన్నదని దానికి ఆనించే కట్టారు. ఆ విధంగా పెరటి చివర రెండు ఇరుకు గదులు పక్కపక్కన నిలిచాయి. కోట లోపలే కాదు, బాబుపేఠలోనూ లాల్‌పేఠలోనూ ఘుగ్గుస్‌లోనూ సొంతంగా కట్టుకున్న ఎన్నో ఇళ్ళలో ఈ జంటగదుల పద్ధతి కనిపిస్తుంది.

ఇరవై ఐదేళ్ళ వయసులో ఆ ఇరుకు ఎవరికీ ఇరుకుగా తోచదు. గనిలో ముప్పై ఏళ్ళు వంగి పనిచేసి పదవీ విరమణ పొందిన మనిషికి మోకాళ్ళు పట్టేసినప్పుడు అదే గది పరీక్ష అవుతుంది. మొదట ఎత్తు మెట్టు, తరువాత నునుపైన బండ, ఆపైన పట్టుకోవడానికి ఏమీ లేని గోడ. వృద్ధులు ఇంట్లో జారిపడే తావులలో స్నానపు గదిది ముందు వరుస. తుంటి ఎముక విరిగితే ఆ మనిషి మంచం దిగడానికి నెలలు పడుతుంది, కొందరు ఎన్నటికీ దిగరు. కనుక ఈ ప్రసంగ విషయాన్ని ఇంటి అలంకరణ కింద జమకట్టడం పొరపాటు.

ఇక కొలతల సంగతి. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం స్నానపు గది వైశాల్యం 1.8 చదరపు మీటర్లకు తగ్గరాదు. స్నానమూ మరుగుదొడ్డీ ఒకే గదిలో ఉంటే 2.8 చదరపు మీటర్లు ఉండాలి. వెడల్పు 1.2 మీటర్లు, అంటే ఇంచుమించు 4 అడుగులు, ఉండాలి. ఉదాహరణకు ఒక జంటగదిని తీసుకోవచ్చు. మరుగుదొడ్డి 4 అడుగుల వెడల్పు, 3 అడుగుల పొడవు. స్నానపు గది 4 అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల పొడవు. నడుమ గిలాబుతో కలిపి 5 అంగుళాల అడ్డుగోడ. రెండింటికీ వేర్వేరు తలుపులు, రెండూ లోపలికి తెరుచుకునేవే. స్నానపు గది మూలలో ఇటుకలతో కట్టిన నీటి హౌజు.

ఈ హౌజు నుంచే లెక్క మొదలుపెట్టాలి. లోపలి కొలత రెండున్నర అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు అనుకుంటే దానిలో సుమారు 350 లీటర్లు పడతాయి. రెండు వైపులా ఇటుక గోడ మందం కలిపితే అది నేల మీద దాదాపు 7 చదరపు అడుగులు ఆక్రమిస్తుంది. గది మొత్తం 18 చదరపు అడుగులే. అనగా మూడింట ఒక వంతుకు పైగా హౌజుకే పోయింది. నల్లా ఏ వేళ వస్తుందో తెలియని రోజులలో హౌజు ఇంటికి ప్రాణాధారం, దానిని తప్పుపట్టనవసరం లేదు. కాని అదే నీటిని పైకప్పు మీద 500 లీటర్ల ట్యాంకులో నిలవచేస్తే నేల ఖాళీ అవుతుంది. మూత లేని హౌజులో డెంగీ దోమ గుడ్లు పెట్టే బెడద కూడా తప్పుతుంది. మురుగు గుంట కన్నా ఇంట్లోని మంచినీటి నిలవనే ఆ దోమ ఎక్కువగా కోరుకుంటుంది.

ట్యాంకు విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం. 500 లీటర్ల నీరు అంటే అర టన్ను బరువు. దానిని స్లాబు నడిమధ్యన కాక గోడల మీదనో దూలం మీదనో భారం పడేటట్లు నిలపాలి. రెండవది చంద్రపూర్ ఎండ. మే నెలలో ఇక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం వింత కాదు. నల్లని ట్యాంకులోని నీరు మధ్యాహ్నానికి ఒంటి మీద పోసుకోలేనంత వేడెక్కుతుంది. తెల్లని ట్యాంకు, పైన చిన్న నీడ, ఎండకు బయటపడిన గొట్టానికి చుట్టు కప్పు ఉంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. ఇంట్లో బాలింతలూ పసివారూ ఉన్నచోట ఒక బకెట్టు చల్లని నీరు నీడపట్టున ఎప్పుడూ ఉంచుకోవడం పాత అలవాటు, మంచి అలవాటు.

హౌజు తీసిన తరువాత ప్రశ్న అడ్డుగోడది. గోడ తీస్తే దాని మందం వలన కలిసివచ్చేది ఒకటిన్నర చదరపు అడుగుల పైచిలుకు మాత్రమే. ఇంత కొంచెానికి గోడ పడగొట్టడమా అని అడగవచ్చు. అసలు లాభం మందంలో లేదు. మరుగుదొడ్డి ముందు మనిషి నిలబడడానికి కొంత జాగా కావాలి. స్నానం చేసి ఒళ్ళు తుడుచుకోవడానికి కొంత జాగా కావాలి. గోడ ఉన్నంతకాలం ఈ రెండు జాగాలూ వేర్వేరు, రెండూ చాలనివే. గోడ తీసిన వెంటనే ఒకే ఖాళీ రెండు పనులకూ వస్తుంది. ఇరుకు గదిని మార్చడంలో కీలకమంతా ఇదే. కొత్త జాగా ఎక్కడి నుంచీ రాదు, ఉన్న జాగాయే రెండు పూటలా పనిచేస్తుంది.

పై ఉదాహరణలో గోడ తీయగా 4 అడుగుల వెడల్పు, 95 అంగుళాల పొడవు గల ఒక గది ఏర్పడుతుంది. వైశాల్యం సుమారు 2.9 చదరపు మీటర్లు, నియమానికి సరిపోతుంది. ఒక చివర పొట్టి గోడకు ఆనించి కమోడు పెడితే అది పొడవులో 27 అంగుళాలు తీసుకుంటుంది. మరొక చివర 36 అంగుళాలు స్నానానికి వదలాలి. నడుమ 32 అంగుళాలు మిగులుతాయి. తలుపు అక్కడికి రావాలి. ఆ నడిమి జాగాయే కమోడు ముందరి ఖాళీ, ఒళ్ళు తుడుచుకునే చోటు, లోపలికి వచ్చే దారి. తలుపుకు ఎదుటి గోడకు 14 అంగుళాలకు మించి ముందుకు రాని చిన్న వాష్‌బేసిన్ పెట్టినా మనిషి నడవడానికి 34 అంగుళాలు ఉంటాయి. కమోడు నడిమి గీతకు పక్క గోడ కనీసం 15 అంగుళాల దూరంలో ఉండాలి, లేకపోతే కూర్చున్నవారి మోచేయి గోడకు తగులుతుంది.

ఇంతలో టైల్స్ మేస్త్రీ వస్తాడు. పాత గిలాబు మీదనే సిమెంటు మెత్తి టైల్స్ అతికిస్తే పని తొందరగా ముగుస్తుంది. కాని ఒక్కొక్క గోడ అంగుళం చొప్పున లోపలికి వస్తుంది. 4 అడుగుల గది 3 అడుగుల 10 అంగుళాలవుతుంది. ఇరుకు గదిలో 2 అంగుళాలు చిన్న మాట కాదు. పాత గిలాబు కొట్టించిన తరువాతే టైల్స్ వేయించాలి. నేలకు గరుకు టైల్స్, అవీ అడుగు పలకలే మేలు. పెద్ద నునుపు పలకలు దుకాణంలో మెరుస్తాయి, తడిలో జారుస్తాయి. పైగా నేల వాలును పెద్ద పలకల మీద తెప్పించడం కష్టం. అడుగుకు పావు అంగుళం వాలు ఉంటే నీరు నిలవదు.

కమోడు చోటు మార్చే ఆలోచన వీలైనంతవరకు మానుకోవాలి. స్నానపు నీటి గొట్టం సన్ననిది, దానిని ఎటైనా తిప్పవచ్చు. మలం పోయే 4 అంగుళాల గొట్టం అలా కాదు. దానిని దూరం జరిపితే వాలు చాలదు, వాలు కోసం నేల ఎత్తాలి, నేల ఎత్తితే గుమ్మంలో మెట్టు వస్తుంది. ఇందాకటి మోకాళ్ళ నొప్పి మనిషి ఆ మెట్టు దగ్గరే ఆగిపోతాడు. నేల మీద కూర్చునే పాన్‌ను కమోడుగా మార్చేటప్పుడు గోడ గుండా పోయే గొట్టం ఉన్న రకం ఎంచుకుంటే, పాత ఎత్తు అరుగును తీసివేసి నేలను సమం చేసే వీలు చాలా ఇళ్ళలో దొరుకుతుంది. దుకాణానికి పోయే ముందే గొట్టం నడిమి నుంచి గోడకు ఎంత దూరమో కొలుచుకోవాలి. నేలలోకి దిగే రకాలు 4, 9, 12 అంగుళాల దూరాలకు వేర్వేరుగా దొరుకుతాయి. కొలవకుండా కొన్నది గోడకు ఆనదు, లేదా గొట్టానికి అందదు. ఫ్లష్ ట్యాంకులలో 3 లీటర్లకూ 6 లీటర్లకూ రెండు బొత్తాలున్నవి ఉన్నాయి. పాతవి ఒక్కసారికి 10 లీటర్లు వదిలేవి.

అందరి ఇళ్ళకూ గోడ తీయడం తగదు. ఏడెనిమిది మంది ఉన్న ఇంట్లో ఉదయం మొదటి షిఫ్టుకు పోయేవాడు ఒకడు, బడికి పోయేవారు ఇద్దరు, పూజకు ముందు స్నానం కావలసిన పెద్దావిడ ఒకరు. జంటగదులున్నప్పుడు ఒకరు స్నానం చేస్తుండగా ఇంకొకరు దొడ్డికి పోగలరు. రెండూ కలిపితే లోపలివారు బయటికి వచ్చేదాకా అందరూ ఆగాలి. స్నానమూ మలవిసర్జనా ఒకే చోట కూడవన్న పట్టింపు ఉన్న పెద్దలు కూడా ఉన్నారు. ఆ పట్టింపును ఎగతాళి చేసి పని సాగించే ఇంట్లో కొత్త గది మీద పెద్దలకు మనసు రాదు, పాత మోరీ దగ్గరే కూర్చుని స్నానం చేస్తారు. అటువంటి చోట గోడను ఉంచి, హౌజు తీసి, వాష్‌బేసిన్‌ను బయట నడవాలోకి మార్చితే చాలు. పళ్ళు తోముకునేవారు, గడ్డం గీసుకునేవారు బయటికి పోతే ఉదయపు రద్దీలో సగం అక్కడే తీరుతుంది.

గోడ తీయాలని నిశ్చయించినా, సుత్తి ఎత్తే ముందు ఆ గోడ దేనిని మోస్తున్నదో చూడాలి. నాలుగున్నర అంగుళాల గోడ సాధారణంగా అడ్డుగోడే. 9 అంగుళాల గోడ అయితే అనుమానించాలి. పాత పెంకుటింట్లో వాసాలు దాని మీద ఆని ఉండవచ్చు, కొత్త ఇంట్లో పైన ట్యాంకు ఉండవచ్చు. మేస్త్రీ అనుభవం విలువైనదే కాని ఈ ఒక్క విషయంలో ఇంజనీరును పిలిపించి చూపించడం అవసరం. తలుపును నడిమికి జరిపేటప్పుడు పైన లింటెల్ లేకుండా గోడ కోయరాదన్నది కూడా ఇందులోకే వస్తుంది.

తలుపు బయటికి తెరుచుకోవాలి. స్థలం కలిసివస్తుందన్నది ఒక కారణం. లోపల మనిషి పడిపోతే ఆ శరీరమే తలుపుకు అడ్డమై, లోపలికి తెరుచుకునే తలుపు తెరుచుకోదన్నది అంతకన్నా పెద్ద కారణం. తలుపు బద్దలు కొట్టే వ్యవధిలో ఏమైనా జరగవచ్చు. నడవా ఇరుకైతే పక్కకు జరిగే తలుపు పెట్టవచ్చు. గడియ ఏదైనా బయటి నుంచి తీయడానికి వీలైనది ఉండాలి. కమోడు పక్కనా స్నానం చేసే చోటా స్టీలు కమ్మీలు బిగించాలి, అవీ 9 అంగుళాల గోడకే. తువ్వాలు వేసుకునే కడ్డీ మనిషి బరువు ఆపదు. కాలు జారినవాడికి మాత్రం చేతికి అందేది అదే. వృద్ధుల కోసం కమోడు ఎత్తు మామూలు 16 అంగుళాల కన్నా రెండు అంగుళాలు ఎక్కువగా ఉంటే లేవడం సులువు. కొనే ముందు ఆ పెద్దాయననో పెద్దమ్మనో వేర్వేరు ఎత్తుల కుర్చీల మీద కూర్చోబెట్టి, ఏ ఎత్తు నుంచి చేయి ఆనించకుండా లేవగలుగుతున్నారో చూడడం ఖర్చు లేని పరీక్ష.

సబ్బులూ సీసాలూ పెట్టుకోవడానికి పాత మందపు గోడలలో గూళ్ళు ఉండేవి. ఆ గూడు కన్నా మంచి అర ఇంకా రాలేదు. గదిలోకి అంగుళం కూడా పొడుచుకు రాదు. అయితే నాలుగున్నర అంగుళాల గోడలో గూడు తొలిస్తే మిగిలేది రేకంత ఇటుక. కమోడు పైన, 7 అడుగుల ఎత్తు దాటిన తరువాత, చిన్న అటక వేయించుకోవచ్చు. అంతకు తక్కువ ఎత్తులో అటక తలకు తగులుతుంది.

గాలి గురించి గట్టిగా చెప్పవలసి ఉంది. నియమావళి స్నానపు గదికి బయటి గాలిలోకి తెరుచుకునే 0.37 చదరపు మీటర్ల కిటికీ అడుగుతుంది, సుమారు 2 అడుగుల చదరం. జాగా కోసం ఆ కిటికీని మూసి అర బిగించేవారున్నారు. బొగ్గు ధూళి వస్తున్నదని మూసేవారూ ఉన్నారు. ధూళికి సన్నని జాలీ వేసి వారానికొకసారి కడగడం మార్గం, మూయడం కాదు. మూసిన గదిలో బూజు పడుతుంది, నేల ఆరదు, ఆరని నేల జారుతుంది.

మూసిన గదిలో గ్యాస్ గీజరు ఉంటే ప్రాణమే పోతుంది. గ్యాసు మండడానికి గదిలోని ప్రాణవాయువునే వాడుకుంటుంది. అది చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానం చేస్తున్నవారికి తల తిరిగినట్లు అనిపించి, గడియ తీసే శక్తి రాకముందే స్పృహ తప్పుతుంది. చలికాలంలో, కిటికీలు మూసుకునే నెలల్లో, దేశంలో ఏటా ఈ విధమైన మరణాలు వార్తలకెక్కుతూనే ఉన్నాయి. గ్యాస్ గీజరును గది బయట, పెరటి గోడకు బిగించి, వేడినీటి గొట్టం మాత్రమే లోపలికి తేవాలి. ఇందులో మినహాయింపు లేదు. కరెంటు గీజరైతే తడి పడని చివర తలకు పైన, గట్టి గోడకు బిగించాలి. 15 లీటర్లది నీటితో కలిపి 20 కిలోలు దాటుతుంది. ఇంటి మీటరు దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి, ఎర్తింగు సరిగా ఉన్నదీ లేనిదీ ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించాలి. స్విచ్చి గది బయటే ఉండాలి.

పని ఎప్పుడు చేయించాలి? నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. వేసవిలో కొత్త సిమెంటుకు చాలినంత నీరు పట్టడం కష్టం, వానాకాలంలో పెరట్లో తవ్విన గొట్టపు కాలువ నిండిపోతుంది. వార్ధా లోయలోని నల్లరేగడి నేల ఎండలో పగుళ్ళిచ్చి వానకు ఉబ్బుతుంది. ఆ కదలికకు బయటి గొట్టాల అతుకులు వదులుతాయి కాబట్టి గొట్టం కింద ఇసుక పరుపు వేయించాలి. మేడ మీది గది అయితే, టైల్స్ వేయకముందే నేలకు నీరు దిగని పూత పూయించి, తూము మూసి, అంగుళం ఎత్తు నీరు నింపి 48 గంటలు వదిలేయాలి. గోడ మీద పెన్సిలు గీత పెట్టుకుని కింది గది కప్పు చూడాలి. ఈ పరీక్ష వేసవిలో చేస్తే నీరు ఇంకిందో ఆవిరైందో తెలియదు. పని సాగే రోజులలో ఇంట్లోని ఆడవారు ఎక్కడికి పోవాలన్నది కూడా ముందే ఆలోచించాలి. మగవారి సంభాషణలో ఈ ప్రశ్న ఆలస్యంగా వస్తుంది. దొడ్డి భాగం మొదట రెండు మూడు రోజులలో ముగించి వాడుకలోకి తెచ్చి, స్నానపు భాగాన్ని తీరికగా చేయడం ఒక పద్ధతి. స్నానం తాత్కాలికంగా పెరట్లో పరదా కట్టుకుని కూడా చేయవచ్చు.

చివరిగా అనుమతుల మాట. పలకలు మార్చడం, గిలాబు, కుళాయిల మార్పు వంటివి సాధారణ మరమ్మతులు. గది వెడల్పు పెంచడానికి సందు వైపు గోడ జరిపితే, కొత్త సెప్టిక్ ట్యాంకు తవ్వితే, నగరపాలక సంస్థ భవన విభాగంలో ముందే అడిగి తెలుసుకోవాలి. కోటగోడ దగ్గరి ఇళ్ళకు ఇంకొక నియమం వర్తిస్తుంది. కోట భారత పురాతత్వ శాఖ సంరక్షణలో ఉంది. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. అక్కడ ఉన్న ఇంటి మరమ్మతుకూ అనుమతి కావాలి. దాని ఆవల మరి 200 మీటర్లు నియంత్రిత పరిధి. కనుక మేస్త్రీతో బేరం కుదుర్చుకునే ముందే గోడకూ ఇంటికీ మధ్య టేపు పట్టి చూడడం మంచిది. కంపెనీ క్వార్టర్లలోనూ అద్దె ఇళ్ళలోనూ ఉన్నవారికి గోడ ముట్టే అధికారం లేదు. వారు యజమాని సమ్మతితో కమ్మీలు బిగించుకోవచ్చు, నేల మీద గరుకు రబ్బరు పట్టలు వేసుకోవచ్చు, పాన్ మీద నిలిపే కమోడు కుర్చీ తెచ్చుకోవచ్చు. ఆ కుర్చీ కాళ్ళకు రబ్బరు తొడుగులు ఉన్నాయో లేదో కొనేటప్పుడే చూసుకోవాలి, అవి అరిగితే మార్చాలి.